పాతబస్తీ పలుకు

మూసీనదికి దక్షిణపు టొడ్డున, చార్మినారు నానుకొని నలుదిక్కులకు సాగిన గల్లీలలో, శాలిబండ మొదలు గౌలిపుర, నాగులచింత, లాల్‌దర్వాజ, ఉప్పుగూడ దాక, తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములకు తమదైన పలుకుబడి యొకటి కలదు. నిఘంటువులు దానిని సగౌరవముగా చేర్చుకొనలేదు, పాఠ్యపుస్తకములు దరిజేరనీయలేదు. అయినను ఆ యిండ్ల పెండ్లిపేరంటములు, అప్పులు, అలుకలు, రాజీలు, కడసారి వీడ్కోళ్లు అన్నియు ఆ పలుకుననే జరిగినవి. ఆ పలుకు నశించినచో ఆ కుటుంబముల జ్ఞాపకములు సగము నశించినట్లేయని మా దృఢవిశ్వాసము.

పాతనగరపు వృద్ధులు కాలమును లెక్కించుటకు చాలకాలము ఆనవాలుగా నుంచుకొన్నది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేది. ఆనాడు మూసీ పొంగి పేటలకు పేటలనే ఊడ్చివైచి, వేలకొలది ప్రాణములను హరించినది. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతును ఆ ప్రవాహమున గోల్పోయి తానొక్కడు మిగిలెను. అఫ్జల్‌గంజు ఆసుపత్రి తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నేటికిని నిలిచియున్నది. విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు తరువాత వెలసినవి. ఇది చరిత్ర గ్రంథములలో దొరకును. ఇండ్లలో చెప్పుకొను కథ యిట్లుండును: “మా అమ్మ చెప్తుండె బిడ్డా, గా తుగ్యానిల నీళ్లు అర్రలకు రాంగనే మా తాత సందుగ ఇడ్సిపెట్టి పిల్లలను మిద్దె మీదికెక్కిచ్చిండట. తెల్లారి దిగి చూస్తే సందుగ లేదు, గోడ లేదు, పక్కింటి ఖాలా లేదు.”

ఈ మాటలనే ఒక విద్యావంతుడైన మనుమడు శిష్టభాషలోనికి దిద్ది వ్రాసెననుకొనుడు. తుగ్యాని వరదయగును, సందుగ పెట్టెయగును, ఖాలా పొరుగింటి ముస్లిము స్త్రీ యగును. మొదటి రెండింటివలన గలుగు నష్టమును సహింపవచ్చును, మూడవది సహింపరానిది. పినతల్లియని పిలుచుకొన్న మనిషికి చుట్టరికము పోయి మతము మాత్రమే మిగిలినది! బీబీకా ఆలం ఊరేగింపునాడు డబీర్‌పుర వీధిలో నిలువబడి చేతులు మోడ్చిన తెలుగు ఇల్లాండ్రును, ఆషాఢమున సింహవాహిని బోనములెత్తు తల్లులకు త్రోవయిచ్చి తొలగి నిలిచిన సాయెబులును ఎట్లు కలసి బ్రదికిరో తెలియవలెనన్నచో, వారొకరినొకరు పిలుచుకొన్న పిలుపులకంటె నమ్మదగిన సాక్ష్యము వేరొకటి లేదు.

ఇండ్ల కట్టడమునకు సంబంధించిన మాటల సంగతియు నట్టిదే. పెరటిమూల బండలు పరచి, నీరు మోరిలోనికి పోవునట్లు వాలుగా దీర్చి, స్నానమునకును అంట్లు తోముటకును గూడ వాడుకొన్న తావును జాలారి యనిరి. దానిని స్నానాలగదియని మార్చి వ్రాసినచో, తెల్లవారకమున్నే అక్కడ బగోనెలు తోముచు ప్రక్కగోడ అవతలి యామెతో ముచ్చటలాడిన కోడలికి, చదువరి మనస్సున నిలువ చోటే యుండదు.

ఈ పలుకు రెండుమారులు అవమానము పొందినది. 1921లో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ పరాభవమే నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘ స్థాపనకు కారణమైనది. అంతకు ఇరువదేండ్ల ముందే, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింట వెలసి తెలుగునకు నిలువ నీడనిచ్చినది. ఆ సభలో తెలుగైనందుకు నవ్విరి. తరువాతి కాలమున తరగతిగదులలోను, చలనచిత్రములలోను, సరియైన తెలుగు కాదని నవ్విరి. రెండవ నవ్వు మన వారిది గనుక మరింత లోతుగా నాటినది; అవ్వ మాట బయట వినబడరాదని తల్లులు పిల్లలను వారించిరి. మూసీ దాటి దిల్‌సుఖ్‌నగరునకును, సముద్రము దాటి అమెరికాకును చేరిన కుటుంబములలో ఆ పిల్లల పిల్లలకిపుడు ఆ మాట వినుటకైనను అవకాశము లేదు.

నెల్లూరి కేశవస్వామిగారు ‘చార్మినార్ కథలు’లో ఈ నగరపు జీవితమును చిరస్థాయిగా నిలిపిరి. 1962లో తొలిసంపుటము వెలువడిన మాండలిక వృత్తిపదకోశము రైతుల పదములను పల్లెపల్లె దిరిగి ప్రోగుచేయించినది. వంటింటి మాటకు, పడకటింటి కథకు అట్టి పూనిక యింకను రావలసియున్నది. అది విశ్వవిద్యాలయములు మాత్రమే చేయదగిన పనికాదు. అవ్వ ప్రక్కన కూర్చుండు తీరిక గల మనుమరాలెవ్వరైనను చేయవచ్చును.

కావున పాఠకులకు మా విన్నపమిది. మీ యింటి పెద్దలు చెప్పిన పేటల కథలను వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసి పంపుడు. ఉర్దూమాటను తొలగింపకుడు, క్రియను దిద్దకుడు. పేట పేరును, చెప్పినవారి వయస్సును, వారికి ఆ కథ యెవరివలన వచ్చినదో ఆ వివరమును చేర్చుడు. అచ్చువేయునపుడు మేము వాటిలో ఒక్క యక్షరమును మార్చము.