మద్దెల నిజంగానే ఓడైతే

మన సామెతల్లో అన్యాయానికి ఎక్కువగా సాయపడే సామెత ఏదని అడిగితే నేను "ఆడలేక మద్దెల ఓడు" అన్నదాన్నే చూపిస్తాను. ఆట రానివాణ్ణి ఎత్తిపొడవడానికి పుట్టిన మాట అది. మద్దెల నిజంగానే ఓడైన రోజున కూడా నేరాన్ని ఆడేవాడి కాళ్లమీదకే నెట్టడానికి అక్కరకొస్తోంది. సికింద్రాబాదులో గిటారు నేర్చుకునే పిల్లల విషయంలో జరుగుతున్నది సరిగ్గా ఇదే.

గిటారు ఈ ఊరికి కొత్త కాదు. కంటోన్మెంటు, చర్చిలు, లాలాగూడ మెట్టుగూడల్లోని ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు పాశ్చాత్య వాద్యాలను ఎప్పుడో ఈ ఊరి చెవికి అలవాటు చేశాయి. అయినా నేడు మారేడుపల్లిలోనో, పద్మారావునగర్లోనో, తార్నాకలోనో బీరువామీద ముసుగు కప్పుకుని పడుకున్న గిటార్లకు లోటు లేదు. అడిగితే "మావాడికి శ్రద్ధ లేదండీ" అంటారు. ముసుగు తీసి తీగలమీద ఒకసారి వేలు రాసి చూడండి. నల్లటి మడ్డి అంటుకుంటుంది. గిటారు కొన్ననాడు దానితో వచ్చిన తీగలే అవి!

ఈ దుస్థితికి కారణం రెండు మూఢనమ్మకాలని నా వాదం.

మొదటిది: మోటు తీగే అసలు తీగ, వేళ్లు బొబ్బలెక్కడం తపస్సు. గిటారు తీగల మందాన్ని అంగుళంలో వెయ్యోవంతులతో కొలుస్తారు. "పన్నెండు సెట్టు" అంటే అందులోని అతి సన్నని తీగ మందం పన్నెండు వెయ్యోవంతులు. ఒకే పొడవు, ఒకే స్థాయి ఉన్నప్పుడు మామూలు ఉక్కు తీగమీద బిగువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కనుక పదికీ పన్నెండుకీ ఉన్న తేడా రెండు కాదు, నూటికి నలభై నాలుగు. సాధారణమైన గిటారుమీద పది తీగ సుమారు ఏడు కిలోల బిగువుతో ఉంటే, పన్నెండు తీగ పదిన్నర కిలోల బిగువుతో ఉంటుంది. పదేళ్ల పిల్ల లేత వేలికింద ఈ తేడా ఎంతటిదో బోధించేవారు ఒక్కనాడైనా ఆలోచించారా? మోటు తీగకు గుణం లేదనడం లేదు. చెక్కను బలంగా కదిలిస్తుంది, మంద్రం గంభీరంగా పలుకుతుంది, మైకు లేని చోట గుంపు పాటకు దన్నుగా నిలుస్తుంది. అయితే ఆ గుణం చెయ్యి తిరిగినవాడికి. మొదటి ఆరునెలలు పిల్లకు కావలసింది గాంభీర్యం కాదు, రేపు కూడా గిటారు పట్టుకోవాలన్న కోరిక.

ఇక్కడ స్టీవీ రే వాన్ పేరు తప్పక వస్తుంది. ఆయన పదమూడు తీగలు వాడాడు, నిజమే. కాని గిటారును అరస్వరం దించి శ్రుతి చేసుకునేవాడు. అంత దించితే బిగువు నూటికి పదకొండు వంతులు తగ్గుతుంది. ఆయన మోటు తీగల గురించి చెప్పేవారు ఈ రెండో సంగతి చెప్పరు. బిల్లీ గిబ్బన్స్ ఎనిమిదికంటె సన్నని తీగలతో వాయించే సంగతి అసలే చెప్పరు.

అంతదూరం పోవడమెందుకు? పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మాండొలిన్ వాయించే నాటికి ఆ వాద్యం మనవాళ్లలో చాలామందికి సినిమా పాటల్లో వినిపించే వాద్యమే. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. జంట తీగలను ఒకే వేలితో లాగి గమకం పలికించడం గగనం. ఆయన జతలు వదలి ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు, తరువాత ఐదో తీగ చేర్చుకున్నాడు. "గమకం రాకపోవడం నీ వేలి లోపమే నాయనా, ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని ఎవరో ఒకరు చెప్పడం, ఆయన తలవంచుకుని నమ్మడం జరిగివుంటే 2014లో మనం ఎవరిని పోగొట్టుకున్నామో కూడా మనకు తెలిసేది కాదు.

రెండో మూఢనమ్మకం: తీగను తెగేదాకా మార్చనక్కర లేదు. "తెగేదాకా లాగొద్దు" అని ఊరందరికీ బుద్ధి చెప్పే జాతి మనది. గిటారు దగ్గర మాత్రం సరిగ్గా అదే చేస్తాం. తీగ తెగకముందే చస్తుంది. చెమట, చర్మపు మురికి చుట్టల సందుల్లో చేరతాయి, తుప్పు పడుతుంది, తీగ బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ముందు మెరుపు పోతుంది, తరువాత శ్రుతి పోతుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ కలవాలి. గిటారులో వేరే లోపం లేకుండా అవి కలవకపోతే తీగ అబద్ధమాడుతున్నదని అర్థం. అటువంటి తీగమీద శ్రుతి చేసి చేసి విసిగిన పిల్లవాడు చివరికి ఏమని తేల్చుకుంటాడు? తనకు శ్రుతిజ్ఞానం లేదని! కుటుంబమంతా ఒక సినిమాకు వెళ్లివచ్చే ఖర్చులో కొత్త సెట్టు వస్తుంది. ఆ ఖర్చు మిగుల్చుకుని పిల్లవాడికి ఈ తీర్పు కొనిపెట్టడాన్ని పొదుపు అనడం నాకు చేతకాదు.

లోహం మాటకొస్తే, ఎనభై ఇరవై "కంచు" అని అమ్మేది నిజానికి ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు యశదం, అంటే ఇత్తడి. కంచుకూ కనకానికీ తేడా చెప్పిన వేమన దీని సంగతి మనకే వదిలేశాడు. మొదటి వారాల్లో ఘల్లుమంటుంది, త్వరగా మందగిస్తుంది. 1974లో డి'అడారియో తెచ్చిన ఫాస్ఫర్ బ్రాంజ్ కొంచెం వెచ్చగా పలికి ఎక్కువకాలం నిలుస్తుంది. పైపూత ఉన్న తీగలు ఖరీదైనవి, మన్నిక ఎక్కువ. విశాఖలో, చెన్నైలో ఉప్పుగాలి ఉన్నవారు వాటికి డబ్బు పెట్టడం సబబే. దక్కన్ పీఠభూమిమీద మనకు శత్రువు గాలి కాదు, వేసవి చెమట చేతులు. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే పూతలేని తీగ కూడా నెలల తరబడి నిలుస్తుంది. వేలికి పూత జారుడుగా తోచేవారూ ఉన్నారు, వారిని బలవంతపెట్టకండి.

ఒక్క పొరపాటు మాత్రం ఖరీదైనది. నైలాన్ తీగల గిటారుకు, "శబ్దం తక్కువ" అన్న ఫిర్యాదుమీద, ఉక్కు తీగలు బిగించి ఇచ్చే అంగళ్లున్నాయి. నైలాన్ సెట్టు మొత్తం బిగువు నలభై కిలోల లోపు, పన్నెండు ఉక్కు సెట్టుది డెబ్భైకి పైన. కొన్నాళ్లలో బ్రిడ్జి లేచి వస్తుంది, మెడ వంగుతుంది. తలకట్టులో రెండు పొడవాటి గాళ్లుండి, మరల ఇరుసులకు తెల్లటి లావు గొట్టాలుంటే అది చాలావరకు నైలాన్ గిటారే. అంగడివారు అడగకపోతే మీరే చెప్పండి, బిగించడం మొదలుపెట్టక ముందే.