పైలట్ వద్దంటే వద్దనే!

చింతలపూడి మెట్టలో విమానం దిగే చోటు లేదు. విమానం ఎక్కాలంటే గన్నవరమో, రాజమండ్రి దగ్గర మధురపూడో, శంషాబాదో పోవలసిందే. అంతమాత్రాన పైలట్ సంగతి మనకు అక్కరలేనిది కాదు. పొట్ట చేత పట్టుకుని కువైట్‌కూ, దుబాయ్‌కూ పోయే మన జిల్లా ఆడపడుచులు, అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు తమ ప్రాణాలు అతని చేతిలో పెట్టే పోతున్నారు. ఎన్నికలు వచ్చాయంటే మన హైస్కూలు గ్రౌండుల్లోనే హెలికాప్టర్లు దిగుతున్నాయి. వరద వస్తే ఆ హెలికాప్టరు కోసం మనమే ఆకాశంకేసి చూస్తాం. 2024 జూలైలో పొరుగున ఉన్న అశ్వారావుపేట మండలంలో పెదవాగు పొంగినప్పుడు, నీళ్ల మధ్య చిక్కుకున్నవారిని బయటికి తెచ్చింది హెలికాప్టరే.

పైలట్ పని ఏమిటని అడిగితే విమానం నడపడమని చిన్నపిల్లలైనా చెబుతారు. అది సగం పని మాత్రమే. ఎప్పుడు నడపకూడదో తెలుసుకుని, ఆ మాట ఎంతటి పెద్దవారితోనైనా చెప్పగలగడం తక్కిన సగం. ఈ రెండో సగం అతనొక్కడి వల్ల అయ్యేది కాదు. ఎక్కేవారూ, పంపేవారూ, కింద ఎదురుచూసేవారూ అతని మాట చెల్లనివ్వాలి.

కైకలూరు ప్రాంత ప్రజలు 2002 మార్చి 3 ఉదయాన్ని మరచిపోయి ఉండరు. అప్పటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న చిన్న హెలికాప్టరు భీమవరం నుంచి బయలుదేరి, కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగి, ఆయన అంగరక్షకుడు, పైలట్ ముగ్గురూ మరణించారు. 1998లో ఆ పదవి చేపట్టిన బాలయోగి దళితులలో తొలి లోక్‌సభ స్పీకరు. ఆనాడు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు 2022 నుంచి మన ఏలూరు జిల్లాలో ఉంది. సరిగా కనిపించకపోవడంతో పైలట్ కిందికి దించబోయాడనీ, గట్టి నేల అనుకున్నది చెరువని తెలిసి మళ్లీ లేపబోగా తోక రెక్క కొబ్బరిచెట్టుకు తగిలిందనీ అప్పట్లో చెప్పారు. కొల్లేటి చెరువుల మీద మంచు పట్టిందంటే గట్టు మీద నడిచేవాడికే నీరేదో నేలేదో తెలియదు. పైనుంచి వచ్చేవాడి సంగతి చెప్పనక్కరలేదు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లా కార్యక్రమానికి బేగంపేట నుంచి హెలికాప్టరులో బయలుదేరారు. వాతావరణం బాగాలేని ఆ రోజున నల్లమల కొండల్లో హెలికాప్టరు కూలి, ఇద్దరు పైలట్లతో సహా అయిదుగురూ చనిపోయారు. మర్నాటి వరకు ఆచూకీ దొరకలేదు. పోయినవారిని ఇప్పుడు తప్పుపట్టడం మన పని కాదు. అయితే కార్యక్రమం ఒక పూట వాయిదా పడితే పోయేదేమిటన్న ప్రశ్న ఈ రెండు దుర్ఘటనల తర్వాత మిగిలే ఉంది.

చట్టంలో లోటు లేదు. విమానానికీ, ప్రయాణికులకూ, సరుకుకూ, సిబ్బందికీ భద్రత చూడవలసిన బాధ్యత కమాండర్ పైలట్‌దేనని 1937 నాటి విమాన నిబంధనలే చెప్పాయి. నడిపేది పక్కనున్న పైలట్ అయినా జవాబుదారీ కమాండరే. విమానంలో ఉన్నంతసేపూ తుది నిర్ణయం అతనిదేనని అంతర్జాతీయ నిబంధన. బయలుదేరే 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టరాదు. ఎక్కే ముందు వాతావరణ సమాచారం చదవాలి, బరువు లెక్క చూడాలి, విమానం చుట్టూ తిరిగి పరీక్షించాలి. పెద్ద విమానమైతే గమ్యం చేరడానికి సరిపడే ఇంధనం ఒక్కటే చాలదు. అక్కడ దిగడానికి వీల్లేకపోతే మరో విమానాశ్రయానికి పోగలిగినంత, ఆపైన మరో అరగంట ఆకాశంలో తిరగగలిగినంత ఉండాలి. అంటే వెనక్కు మళ్లడానికి ఏర్పాటు చేసుకున్న తర్వాతే ముందుకు పోవాలన్నమాట.

దిగేటప్పుడూ ఇదే సూత్రం. మబ్బులో దిగుతున్న విమానం నేలకు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, వాలు, రన్‌వేతో వరుస అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే దిగకుండా మళ్లీ పైకి లేచిపోవాలి. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన విమానంలో ఈ సూత్రం తప్పింది. మళ్లీ లేపమని కోపైలట్ మూడుసార్లు చెప్పినా కమాండర్ వినలేదని విచారణలో తేలింది. 166 మందిలో 158 మంది మరణించారు. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచే కోళికోడ్ వచ్చిన విమానం వానలో రన్‌వే దాటి లోయలో పడి, పైలట్లిద్దరితో సహా 21 మంది చనిపోయారు. అక్కడా మళ్లీ లేపమన్న మాట చెల్లలేదు. మర్నాటి ఉదయం అదే కమాండర్ మరో విమానం నడపవలసి ఉండడం, అక్కడ చాలినంతమంది కమాండర్లు లేకపోవడం కూడా విచారణ నివేదికకు ఎక్కాయి. దిగి తీరాలన్న తొందర ఎక్కడినుంచి పుడుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అలసట సంగతీ ఇంతే. పైలట్లకు వారానికి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచే నిబంధన 2025 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. కొత్త విశ్రాంతి నిబంధనలకు తగినట్టు ముందుగా ఏర్పాట్లు చేసుకోకపోవడంతో 2025 డిసెంబరులో ఇండిగో సంస్థ విమానాలు వేలసంఖ్యలో రద్దయ్యాయి. ప్రయాణికుల అవస్థలు చూసి ప్రభుత్వం కొన్ని నిబంధనలను తాత్కాలికంగా సడలించింది. జనం ఇబ్బంది నిజమే. కానీ సడలింపు దొరికింది ఎవరికి? ఏర్పాట్లు చేసుకోని కంపెనీకి. రాత్రిళ్లు మేలుకుని నడిపేవాడి కళ్లకు సడలింపు ఉండదు కదా!

ఇక మన వంతు చూద్దాం. బ్రేకు సరిగా పట్టడం లేదని ఆర్టీసీ డ్రైవరు బస్సు ఆపేస్తే అతన్నే నాలుగు మాటలంటాం. సభ దగ్గర మైదానంలో గంటలకొద్దీ కూర్చున్నాక, వాతావరణం బాగాలేదు, హెలికాప్టరు రాదంటే మా ఊరంటే లెక్కలేదని కేకలు వేస్తాం. ఆ కేకలకు భయపడి కార్యకర్త నాయకుడికి ఫోను చేస్తాడు. నాయకుడు అధికారికి చెబుతాడు. అధికారి పైలట్‌ను అడుగుతాడు. అడిగినది ఒక్క మాటే అయినా, జీతం తీసుకునే మనిషి మీద అది ఎంత బరువో ఊహించుకోవచ్చు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర ప్రయాణికుల పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయినప్పుడు, అంత వరదలో పడవను ఎందుకు వదిలారని అందరమూ అడిగాం. ఆ ప్రశ్న పడవ కదలక ముందు అడగవలసినది.

కాబట్టి హెలికాప్టరు పర్యటన పెట్టుకున్న ప్రతిసారీ రోడ్డు మార్గం కూడా సిద్ధం చేసి ఉంచాలి. పైలట్ ఆగుదామంటే మారుమాట లేకుండా ఆగాలని నాయకులు తమ కార్యదర్శులకు ముందే చెప్పి పెట్టాలి. పర్యటన ఆగిన కారణాన్ని అధికారులు మైకులో ఉన్నదున్నట్టు చెప్పాలి. హెలిపాడ్ దగ్గర దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించాలి, పశువులనూ పిల్లలనూ దూరంగా ఉంచాలి. తోక రెక్క తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు. సెల్‌ఫోన్లో ఫొటో కోసం తాడు దాటి పోవడం ప్రాణాలతో చెలగాటమే. గ్రామ పెద్దలు ఈ సంగతి కుర్రవాళ్లకు గట్టిగా చెప్పాలి.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. వచ్చే వానాకాలంలోనో, వచ్చే ఎన్నికల్లోనో మన ఊరికి రావలసిన హెలికాప్టరు రాలేదని తెలిస్తే కేకలు వేయకుండా లేచి ఇళ్లకు పోదాం. ఎవరో ఒక పైలట్ తన బాధ్యత సరిగా నెరవేర్చాడని అనుకుందాం.