ఈత వచ్చు అనే మాట ఇక చాలించండి

పోయిన ఆదివారం మన గ్రూపులో వచ్చిన ఫోటో కింద నేను ఒక్క వాక్యం రాసినందుకు నలభై ఆరు మెసేజీలు పడినాయి. మూడు నా పక్షం, తక్కినవన్నీ చీవాట్లు. చిన్నగా రాస్తే కోపమొచ్చింది కాబట్టి ఇప్పుడు పెద్దగా రాస్తున్నాను. కాఫీ పెట్టుకొని కూర్చోండి.

ఫోటో చూడనివాళ్ళకు సంగతి చెప్తాను. మన సభ్యుల్లో ఒకరి అబ్బాయి అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. జనవరి నెలలో లేనియర్ అనే పెద్ద జలాశయంలో, ఒక్క మనిషి కూర్చునే కయాక్ పడవ మీద ఉన్నాడు. చేతిలో మూరకు దగ్గరగా బాస్ చేప. ముఖమంతా నవ్వు. ఒంటి మీద కాటన్ టీషర్టు. లైఫ్ జాకెట్టు మాత్రం వెనక సీటుకు కట్టి ఉంది. నేను రాసింది ఇదే: "చేప బాగుంది నైనా. జాకెట్టు సీటుకు తొడిగినావే, ఈత రానిది సీటుకా?"

దానికి వచ్చిన జవాబులు: "మావాడు ఏడేళ్ళప్పుడే బావిలో ఈత నేర్చినాడు." "రైల్వే ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు కయాక్ గురించి ఏం తెలుసు?" "ఊరికే అపశకునం పలకొద్దు అన్నా." అన్నిటికంటే పెద్ద జవాబు కమిటీది: ఆ ఫోటోను ఈ ఏటి మలరు అట్ట మీద వేస్తారంట. (మలరనే అంటాను. ప్రత్యేక సంచిక అంటే మన పిల్లలకు అర్థం కాదు, నాకూ అరవై దగ్గర పడినాకే అర్థమైంది.)

కయాక్ నేను ఎక్కలేదు, నిజమే. కానీ నా కూతురు ఉండేది అదే జార్జియాలో. రెండేళ్ళ కిందట ఒక చలికాలమంతా అక్కడ ఉన్నాను. అల్లుడికి ఇదే పిచ్చి. అతనితో ఐదారు సార్లు లేనియర్ గట్టుకు పోయినాను. చట్టహూచీ నదికి డ్యామ్ కట్టినందున ఏర్పడిన జలాశయం అది. కొమ్మలు కొమ్మలుగా చీలి, ఎటు చూసినా పైన్ చెట్లతో ఎంత అందంగా ఉంటుందో! స్పాటెడ్ బాస్ అని ఒంటిమీద చుక్కలుండే చేపకు ఆ చోటు చాలా పేరున్నది.

చలికాలంలో ఎందుకు పోతారని మొదట నేనూ నవ్వినాను. తరువాత అర్థమైంది. బాస్ మన కొరమీను మాదిరి వేటాడే చేప. చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్ళు చల్లబడితే దాని ఒళ్ళూ చల్లబడుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది, ఎరను తరుముకుంటూ రాదు. లోతుకు దిగి కదలకుండా ఉంటుంది. అప్పుడు సీసం బరువున్న నకిలీ ఎరను అడుగుకు దించి, ఇంత లాగి, ఆపి, మళ్ళీ ఇంత లాగి, మళ్ళీ ఆపి, దాని మూతి ముందే ఆడించాలి. పట్టిందా లేదా అనేది దారం కొంచెం బరువెక్కడంతోనే తెలియాలి. అది ఓపిక గలవాడి విద్య. నేను ఆ విద్యను తిట్టడం లేదు. పైగా ఆ నెలల్లో మోటారు పడవలు తక్కువ, సందడి ఉండదు. అల్లుడు అదే చెప్తాడు: "మామా, కనుచూపు మేరలో మనిషి ఉండడు, అదే సుఖం."

మనిషి ఉండడు అనేది సుఖం ఎంతవరకు? పడవ బోర్లా పడేంతవరకే. వేసవిలో పడితే పక్కన పడవలో ఎవడో ఒకడు చూస్తాడు. జనవరిలో ఎవడు చూస్తాడు?

ఒక రోజు సంగతి చెప్తాను. మంచి ఎండ. గాలి 18 డిగ్రీలు, స్వెట్టరు కూడా విప్పేసినాను. అల్లుడి పడవలో చేపల్ని చూపించే స్క్రీను ఉంది, అందులో నీటి వేడి కూడా పడుతుంది: 49 ఫారన్‌హీట్. మన లెక్కలో 9 డిగ్రీలు చిల్లర. గట్టున కూర్చొని కుడిచెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టినాను. రెండు నిమిషాలు ఉంచలేక తీసేసినాను. ఎముక నొప్పి మాదిరి నొప్పి. తీసినాక చొక్కా గుండీ పెట్టుకుందామంటే వేళ్ళు పట్టవు. చెయ్యి ఒకటే మునిగితే ఇదీ కథ. ఎండను చూసి టీషర్టు వేసినాడు మన అబ్బాయి. ఎండ గాలిని వేడి చేసింది, నీళ్ళను కాదు. పడితే పడేది నీళ్ళలోనే.

ఇప్పుడు ఈత సంగతికి వద్దాం. మన బావి నీళ్ళు ఎంత చలికాలంలోనైనా 25 డిగ్రీలకు అటూఇటూ. మార్గళి నెల తెల్లవారి చన్నీళ్ళ స్నానం చేసిన వంశాలని ఒకరు మీసం తిప్పినారు. అన్నా, ఆ చెంబు నీళ్ళు వేరు, 9 డిగ్రీల సరస్సు వేరు. చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే మొదట జరిగేది ఈత కాదు, ఎగశ్వాస. ఒంటికి తగిలిన చలికి ఊపిరి తనంతట తానే గబుక్కున లోపలికి పోతుంది, మనం వద్దన్నా ఆగదు. ఆ క్షణంలో మూతి నీళ్ళ కింద ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. బావిలో బంగారు పతకం తెచ్చినవాడికైనా ఇంతే.

కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ తానే గడ్డకట్టే నీళ్ళలో దిగి పరీక్షలు చేసిన మనిషి. ఆయన చెప్పే లెక్క 1–10–1. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. తరువాత 10 నిమిషాలు కాళ్ళూ చేతులూ మాట వింటాయి. ఒళ్ళంతా చల్లబడి స్పృహ పోవడానికి 1 గంట. చూడండి, చలితో స్పృహ పోవడానికి గంట వ్యవధి ఉంది! ఆ గంట దాకా చాలామంది ఉండరు. మొదటి నిమిషంలోనో, పది నిమిషాలైనాక చేతులు చచ్చుబడినప్పుడో మునిగిపోతారు. జాకెట్టు ఉంటే ఎగశ్వాసలో మూతి పైన ఉంటుంది, చేతులు చచ్చుబడినా తేలుతాడు, ఆ గంట దక్కుతుంది. సీటుకు కట్టిన జాకెట్టును ఆ ఒక్క నిమిషంలో విప్పి, తొడిగి, బకిల్ పెట్టమనండి చూద్దాం. నా వేళ్ళకు గుండీ పట్టలేదు.

అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా లెక్క తీస్తుంది. పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్ళలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్టు తొడుక్కోనివాళ్ళే. "చట్టం ప్రకారం పడవలో ఉంటే చాలు" అని ఒక తమ్ముడు రూలు చూపించినాడు. పెద్దవాళ్ళకు చాలా రాష్ట్రాల్లో అంతే, ఒప్పుకుంటాను. కానీ న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు నవంబరు 1 నుంచి చలికాలమంతా కయాక్ మీద తొడుక్కొని తీరాలని రూలు పెట్టుకున్నాయి. వాళ్ళకు ఈత రాదా?

ఖర్చు అంటారా? ఆ ఫోటోలోనే నాలుగు గాలం కర్రలు, ఒక స్క్రీను కనిపిస్తున్నాయి. నీళ్ళు లోపలికి రాని డ్రైసూట్ దాని కంటే ఎక్కువేమీ కాదు. అల్లుడు నా పోరు పడలేక కొన్నాడు. దాంతోపాటు మెడకు విజిల్, ఫోను పడవకు కాకుండా ఒంటికే కట్టుకోవడం, ఏ రేవులో దిగుతున్నాడో ఎన్నింటికి తిరిగొస్తాడో నా కూతురికి చెప్పిపోవడం. తిరగబడిన పడవను సరిచేసి మళ్ళీ ఎక్కడం వేసవిలోనే గట్టు పక్కన పదిసార్లు చేసి చూసుకున్నాడు. మొదటి మూడుసార్లు ఎక్కలేకపోయినాడు, అదీ వెచ్చటి నీళ్ళలో.

"అనుభవం ఉన్నవాడు, ఏం కాదు" అనే మాట నన్ను మండించింది. సర్వీసులో చాలా ఏళ్ళు నేను సెటిల్‌మెంట్ సెక్షన్‌లో కూర్చున్నాను. డ్యూటీలో పోయినవాళ్ళ పీఎఫ్, ఫ్యామిలీ పెన్షన్ ఫైళ్ళు నా బల్ల మీదే కదిలేవి. కొత్తగా చేరినవాళ్ళ ఫైళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళు అదే పని చేసినవాళ్ళవే ఎక్కువ. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి ప్రతిసారీ చెప్పేది ఒకటే: "ఆయనకు అలవాటే సార్." ఆ మాట విని విని నాకు అలవాటు అంటేనే భయం. మన అరవంలో "ఆళమఱియామల్ కాలై విడాదే" అంటారు కదా, లోతు తెలియక కాలు పెట్టొద్దని. ఈ నీళ్ళలో లోతుతో పని లేదు, పడవ పక్కన నిలువు లోతైతే చాలు.

అమెరికాలో చెరువుల్లో, జలపాతాల దగ్గర మన తెలుగు పిల్లలు పోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెడతాం. మరి ప్రతి ఆగస్టులో పై చదువులకు పోయేవాళ్ళకు సంఘం వీడ్కోలు సభ పెడుతుంది కదా, అందులో ఏం చెప్తున్నాం? ఊరగాయ ఎట్లా ప్యాక్ చేయాలి, బ్యాంకు ఖాతా ఎట్లా తెరవాలి. నీళ్ళ గురించి ఒక్క మాట లేదు. పది నిమిషాలు ఇవ్వండి, నేనే మాట్లాడతాను. శాలువా వద్దు.

ఇక అట్ట ఫోటో. అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఆ వయసులో పొగిడేవాళ్ళ మాటే చెవికెక్కుతుంది, పొగిడింది మనం. ఆ ఫోటో అట్ట మీదికి పోతే వచ్చే ఏడు ఇంకో నలుగురు పిల్లలు జాకెట్టు సీటుకు కట్టి ఫోటోలు పంపుతారు. కమిటీవారికి నా మనవి ఇంతే: అచ్చుకు ఇంకా మూడు వారాలుంది. జాకెట్టు తొడుక్కొని ఇంకొకటి తీసి పంపమనండి. చేప చిన్నదైనా ఫరవాలేదు.