నెపం మేక మీద

పాలు విరిగాయనుకోండి, మనం ముందు ఏమంటాం? "ఎవరి కళ్లు పడ్డాయో" అంటాం. గిన్నెలో నిన్నటి పాల తడి వుందేమో, తోముడు సరిగ్గా లేదేమో అన్నది తర్వాత గుర్తొచ్చే సంగతి. ఇంట్లో చెంచా కనపడకపోతే పనిమనిషి, పెళ్లి కుదరకపోతే పిల్ల జాతకం, కొత్తకోడలు వచ్చిన ఏడాది పంట పోతే కోడలి పాదం! నెపం వేయడానికి ఎవరో ఒకరు దొరికితే మన మనసు ఎంత తేలికపడుతుందో చూశారా?

ఈ జబ్బు మనకొక్కళ్లకే వుందనుకునేదాన్ని. కాదట. అమెరికాలో చికాగో మహానగరం 71 ఏళ్లపాటు ఒక మేకని తిట్టుకుంటూ కూర్చుంది. ఆ కథ ఈ వారం చెప్తాను, కాసేపు కూర పొయ్యి మీదనుంచి దింపి వినండి.

మా పిన్నికూతురు చికాగో పక్కన నేపర్‌విల్‌లో వుంటుంది. 2016 నవంబరు 3న ఉదయం పదిన్నరకి, నేను పప్పుకి తాలింపు వేస్తుంటే ఫోన్ చేసింది. అక్కడ వాళ్లకి అర్ధరాత్రి కావస్తోంది. ఏం కొంప మునిగిందోనని నా గుండె దడదడలాడింది. తీరాచూస్తే "అక్కా, కబ్స్ గెలిచారు!" అంటోంది. వెనకాల దాని కొడుకు గంతులు, పక్కిళ్ల వాళ్ల కేకలు, టపాకాయలు. "కబ్స్ ఎవరే?" అన్నాను. ఆ రోజు మొదలుపెట్టి వారం రోజులు నాకు ఆ పాఠం చెప్పింది.

బేస్‌బాల్ అంటే మన క్రికెట్టుకి వేలు విడిచిన చుట్టం అనుకోండి. టీముకి తొమ్మిదిమంది. ఒకరు బంతి విసురుతారు, ఎదుటి టీమువాడు గుండ్రటి కర్రతో కొడతాడు. కొట్టినవాడు మూడు మజిలీలు చుట్టి, బయల్దేరినచోటికే తిరిగొస్తే ఒక పరుగు. ఆ చోటుని వాళ్లు 'హోమ్' అంటారు. ఎంత తిరిగినా ఇల్లు చేరితేనే లెక్కన్నమాట! ముగ్గురు ఔటైతే ఎదుటి టీము వంతు. అలా ఒక్కో టీముకి తొమ్మిదేసి విడతలు. ఒక్కో టీము సీజనుకి 162 మ్యాచీలు ఆడుతుంది. చివరికి మిగిలిన రెండు టీములూ 'వరల్డ్ సిరీస్' ఆడతాయి. అందులో నాలుగు మ్యాచీలు ముందు గెలిచినవాళ్లే ఆ ఏడాది విజేతలు.

చికాగో కబ్స్ 1907లోనూ, 1908లోనూ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలిచింది లేదు. అయినా జనం వదలలేదు. వాళ్ల గ్రౌండు పేరు రిగ్లీ ఫీల్డ్, 1914లో కట్టింది. చూయింగ్ గమ్ కంపెనీ రిగ్లీ వాళ్లదే చాలా ఏళ్లు ఆ టీము కూడా. అక్కడ 'లేడీస్ డే' అని పెట్టి ఆడవాళ్లని ఉచితంగా రానిచ్చేవారు. 1930లో ఒక లేడీస్ డేకి వచ్చిన ఆడవాళ్లే ముప్పైవేల పైచిలుకంటే నమ్ముతారా! యుద్ధకాలంలో, 1943లో, ఆడవాళ్లకి జీతాలిచ్చి ఆడించే బేస్‌బాల్ లీగుని మొదలుపెట్టింది కూడా ఆ రిగ్లీ కుటుంబంలో ఫిలిప్ రిగ్లీయే. ఇంకో విశేషం, 1988 దాకా ఆ గ్రౌండులో దీపాలే లేవు. అక్కడ మ్యాచీలన్నీ పగటిపూటే. ఇంట్లో పని చేసుకునే అమ్మలకీ, బడినుంచి వచ్చిన పిల్లలకీ ఆ టీము ఇంటిమనిషి అయిపోయిందంటే ఆశ్చర్యమేముంది?

ఇక మేక సంగతి. 1945లో కబ్స్ వరల్డ్ సిరీస్‌కి చేరింది. ఆ వూళ్లో బిల్లీ సయానిస్ అని ఒక సారాకొట్టు యజమాని. ఆయనకి పెంపుడు మేక వుంది. దానికీ టిక్కెట్టు కొని, వెంటబెట్టుకుని నాలుగో మ్యాచికి వెళ్లాడు. మేక కంపు కొడుతోందని పంపించేశారు. ఆయనకి ఒళ్లు మండి, ఈ టీము ఇక గెలవదని శపించాడని చెప్పుకుంటారు. కబ్స్ ఆ సిరీస్ ఓడింది. అంతే, మేక శాపం ఖాయమైపోయింది. తర్వాత ఏళ్లలో ఆ ఇంటివాళ్లనే పిలిచి, మేకని సగౌరవంగా గ్రౌండులో తిప్పి శాంతి కూడా చేయించారు. మనకి ఏం తీసిపోయారు చెప్పండి!

మరి అసలు కారణం ఏమిటి? 1961లో ఫిలిప్ రిగ్లీ ఒక వింత పని చేశాడు. టీముకి ఒక పెద్ద దిక్కు అక్కర్లేదని, కోచ్‌లు వంతులవారీగా నడపాలని పెట్టాడు. ఒక పొయ్యి మీద రోజుకొకరు వంట చేస్తే ఉప్పు సరిపోతుందా? 1962లో 103 మ్యాచీలు ఓడారు. 1964లో లూ బ్రాక్ అనే కుర్రవాణ్ణి సెయింట్ లూయిస్ టీముకిచ్చి, బదులుగా ఎర్నీ బ్రాగ్లియో అనే బౌలర్లాంటివాణ్ణి తెచ్చుకున్నారు. వచ్చినవాడు కబ్స్‌కి గెలిపించింది మొత్తం ఏడే మ్యాచీలు. వెళ్లిన బ్రాక్ ఆ ఏడాదే అక్కడ వరల్డ్ సిరీస్ గెలిచాడు, మహా ఆటగాడయ్యాడు. ఇదంతా మేక చేసిందా?

అయితే మేకని తిడితే మేకకి తెలీదు. మనిషిని తిడితేనే చిక్కు. 2003లో కబ్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ గుమ్మందాకా వచ్చింది. అక్టోబరు 14న, 3-0 ఆధిక్యంలో వుంది. ఇంకో అయిదుగురిని ఔట్ చేస్తే చాలు. అప్పుడు ఒక బంతి గాల్లోకి లేచి ప్రేక్షకుల పక్కకి వచ్చింది. నలుగురైదుగురు చేతులు చాచారు, ఒకతని చేతికి తగిలింది, ఆటగాడి క్యాచ్ పోయింది. ఆ తర్వాత కబ్స్ ఆటగాడే చేతిలోకొచ్చిన తేలికపాటి బంతిని వదిలేశాడు, బంతి విసిరేవాళ్లు తడబడ్డారు, ఎదుటివాళ్లు ఆ ఒక్క విడతలోనే ఎనిమిది పరుగులు చేశారు. మర్నాడు ఇంకో మ్యాచి వుంది, అదీ ఓడారు. కానీ నింద ఎవరి మీద పడింది? ఆ ప్రేక్షకుడి మీద! జనం మీద పడి తిడుతుంటే కాపలావాళ్లు అతన్ని బయటికి తీసుకుపోయారు. ఇంటిదగ్గర పోలీసుల్ని పెట్టాల్సివచ్చింది. ఆ బంతిని లక్ష డాలర్ల పైన పెట్టి వేలంలో కొని, 2004లో అందరి ముందూ పేల్చేశారు కూడా. అతను మాత్రం క్షమాపణ చెప్పి, జనం కంట పడకుండా బతికాడు. తనూ చిన్నప్పటినుంచీ ఆ టీము అభిమానే పాపం.

2011 చివర్లో థియో ఎప్‌స్టీన్ అనే ఆయన వచ్చి టీము బాధ్యత తీసుకున్నాడు. అంతకుముందు బాస్టన్ టీముకి 86 ఏళ్ల తర్వాత 2004లో విజయం తెచ్చినవాడు. ఆయన మేక గురించి ఆలోచించలేదు. పునాదినుంచి కట్టుకొచ్చాడు. 2012లో 101 మ్యాచీలు ఓడారు, అయినా కంగారుపడలేదు. ఆంథొనీ రిజోని తెచ్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లకే కేన్సరొచ్చి తట్టుకుని లేచిన కుర్రాడు. 2013లో క్రిస్ బ్రయాంట్‌నీ, 2014లో కైల్ ష్వార్బర్‌నీ ఎంచుకున్నాడు. 2014 చివర్లో జో మాడన్ అనే మేనేజరు చేతికి టీముని అప్పగించాడు. మొక్క నాటిన మర్నాడే కాయ కోయలేం కదా!

2016లో కాయ కాసింది. ఆ సీజన్లో 103 విజయాలు. 71 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్‌కి వచ్చారు. ఎదుట క్లీవ్‌లాండ్ టీము, వాళ్లూ 1948 తర్వాత గెలవనివాళ్లే. నాలుగు మ్యాచీలయ్యేసరికి కబ్స్ 3-1తో వెనకబడింది. ఇంకొక్కటి ఓడితే సరి. అయిదోది 3-2తో, ఆరోది 9-3తో గెలిచి సమం చేశారు. ఏప్రిల్లో మోకాలు దెబ్బతిని ఆ సీజనంతా కూర్చున్న ష్వార్బర్ సరిగ్గా ఈ సిరీస్‌కే తిరిగొచ్చాడు.

ఏడో మ్యాచిలో 6-3తో ముందున్నారు. ఎనిమిదో విడతలో మూడు పరుగులు సమర్పించుకుని 6-6 అయింది. తొమ్మిది విడతలూ అయ్యాయి, సమానమే. అప్పుడు వాన! 2003 నాటి సంగతి అందరికీ గుర్తొచ్చి వుంటుంది. ఆట 17 నిమిషాలు ఆగింది. జేసన్ హేవర్డ్ అనే ఆటగాడు అందర్నీ ఒక గదిలోకి పిలిచాడు. భారీ డబ్బుతో వచ్చి, ఏడాదంతా సరిగ్గా కొట్టలేక మాటలు పడ్డవాడు. "నీవల్ల, వాడివల్ల" అని ఒక్కమాట అనలేదు. మనం మంచి టీము, ఒకరికొకరం నిలబడదాం అని ధైర్యం చెప్పాడు. వాన వెలిసింది. పదో విడతలో బెన్ జోబ్రిస్ట్ కొట్టిన దెబ్బకి ఒక పరుగు, మిగెల్ మొంటేరో కొట్టిన దానికి ఇంకొకటి. 8-7తో గెలిచారు. 108 ఏళ్లు!

నన్ను కదిలించింది ఆ తర్వాత సంగతి. జనం సుద్దముక్కలు పట్టుకుని రిగ్లీ ఫీల్డ్ ఇటుకగోడల దగ్గరికి వెళ్లారు. ఈ రోజు చూడకుండానే పోయిన తాతల పేర్లు, అమ్మల పేర్లు, నాన్నల పేర్లు గోడంతా రాశారు. చేయి అందినంత ఎత్తున నిండిపోతే ఒకళ్ల భుజాలెక్కి ఒకళ్లు రాశారట. మా చెల్లెలు వెళ్లి చూసి, "అక్కా, మన సంక్రాంతి ముగ్గులా వుంది గోడ" అంది.

2017 జులైలో ఇంకో పని జరిగింది. విజేతలకి చేయించే వజ్రాల ఉంగరాన్ని టీమువాళ్లు ఆ ప్రేక్షకుడికి కూడా ఇచ్చారు, 2003లో నింద మోసిన అతనికి. అతను వినయంగా పుచ్చుకుని, నిందలు వేసేముందు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో నేర్చుకుందామన్న అర్థంలో నాలుగు మాటలు రాసి పంపాడు. పధ్నాలుగేళ్ల తర్వాత!

ఇది విన్నప్పుడు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా పెరటి బావి ఎండిపోయింది. ఎవరూ నా మొహం మీద అనలేదు. కానీ చుట్టాలొచ్చినప్పుడల్లా వంటింటి అవతల "కోడలి పాదం" అన్న మాట వినపడేది. నేను కుండలో నీళ్లు ముంచుకుంటూ కళ్లు తుడుచుకునేదాన్ని. చాలా ఏళ్లకి, ఒక పెళ్లిలో ఎవరో ఆ మాట మళ్లీ ఎత్తితే మా అత్తగారు, "చుట్టూ బోర్లు వేసి నీళ్లన్నీ తోడేస్తే బావి ఎండదటే? దాని పాదం ఏం చేసింది?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు. నాకు ఆ ఒక్కమాటే వజ్రాల ఉంగరం.

అందుకే చెప్తున్నాను. మీ ఇంట్లో ఎవరి మీదైనా ఇలాంటి నింద పడివుందేమో ఒకసారి చూసుకోండి. కొత్తకోడలు కావచ్చు, ఫెయిలైన పిల్లవాడు కావచ్చు, చిన్నవయసులో భర్త పోయిన ఆడపడుచు కావచ్చు. వాళ్లు తప్పు చేయలేదని మీకు తెలిస్తే, నలుగురి ముందూ ఆ మాట అనండి. ఉంగరం కొనలేకపోయినా మాట కొనక్కర్లేదు కదా! పధ్నాలుగేళ్లు మాత్రం ఆగకండి.

ఇక దింపిన కూర మళ్లీ పొయ్యెక్కించండి. మాడితే మాత్రం నెపం నా మీద వేయకండి సుమా!