చచ్చిందనుకున్న పీత

"మా పిల్లవాడి పీత వారం రోజులుగా ఇసుకలోంచి పైకి రాలేదండీ. పారేయమంటారా?" అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు తల్లులు మమ్మల్ని అడిగారు. పారేయవద్దు. ముందు ఆ మాట చెప్పి, తరువాత తీరికగా సంగతంతా చెబుతాము.

శంఖును వీపున మోస్తూ తిరిగే ఈ పీతను ఇంగ్లీషులో హెర్మిట్ క్రాబ్ అంటారు. తెలుగులో సన్యాసి పీత అన్నారు. తమిళులకు అది తురవి నండు, అర్థం ఒక్కటే. గుహలో మునిలాగా శంఖులో ముడుచుకొని కూర్చుంటుంది గనుక ఆ పేరు పెట్టి ఉంటారు. మాకు మాత్రం ఆ పేరు అంత సబబుగా తోచదు. ఇంటి మీద ఇంత మమకారమున్న సన్యాసిని మేమెక్కడా చూడలేదు. నెల్లూరు వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు ఎండ్రకాయ అంటారు, గోదావరి వైపువారు పీత అంటారు. ఏ పేరైనా పేచీ లేదు. మేము పీత అనే వ్రాస్తాము.

మామూలు పీతకు ఒళ్లంతా గట్టి పెంకు ఉంటుంది. దీనికి ముందు భాగమే గట్టి. వెనుక పొట్టభాగం మెత్తగా, మెలి తిరిగి ఉంటుంది. కాకి ముక్కుతో పొడిస్తే చాలు, పని అయిపోతుంది. అందుకని నత్త చచ్చిపోగా మిగిలిన శంఖును వెతుక్కొని, అందులోకి ఆ మెత్తని భాగాన్ని దూర్చి, తోక చివరనున్న చిన్న కొక్కేలతో శంఖు లోపలి నడిమి కాడను పట్టుకొని ఉంటుంది. సముద్రంలో దొరికే శంఖులు దాదాపుగా అన్నీ ఒకే వైపు చుట్టు తిరిగి ఉంటాయి. పూజకోసం అపురూపంగా వెతికే వలంపురి శంఖు వంటి ఎదురుచుట్టుది ఎక్కడో గాని కనబడదు. పీత పొట్ట మెలిక కూడా ఆ మామూలు చుట్టుకు తగినట్లే ఉన్నది.

ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు. శంఖు వేరు, పెంకు వేరు. శంఖు అద్దె ఇల్లు వంటిది. పెంకు సొంత చర్మం. రెండూ పీతతోపాటు పెరిగేవి కావు. అందువల్ల పీత పెరిగినప్పుడల్లా రెండింటినీ మార్చుకోవలసిందే. పెంకు మార్చడం ఒక పని, శంఖు మార్చడం మరొక పని. మొదటిది చావుకు దగ్గరగా వెళ్లి రావడమే.

పాము కుబుసం విడిచినట్లే పీత కూడా పెంకు విడుస్తుంది. పాత పెంకులో ఉన్న సున్నాన్ని కొంత ముందుగానే ఒంట్లోకి తీసుకొని దాచుకుంటుంది. పాత పెంకు కింద కొత్తది మెత్తగా తయారవుతుంది. ఆ రోజులలో పీత నీరసపడుతుంది, రంగు తగ్గుతుంది, కంటి మీద పొర కమ్మినట్లు ఉంటుంది, తిండి మీద ధ్యాస పోతుంది. తరువాత ఒంట్లో నీరు నింపుకొని ఉబ్బి, పాత పెంకును చిట్లించి, అందులోంచి తన్ను తాను లాక్కొని బయటికి వస్తుంది. కాళ్లు, మీసాలు మాత్రమే కాదు. కళ్ల పైపొర, మొప్పల పొర, చివరకు జీర్ణకోశం లోపలి పొర కూడా ఆ పాత పెంకుతోపాటే ఊడివస్తాయి. తెగిపోయిన కాలు ఏదైనా ఉంటే దాని స్థానంలో చిన్న కొత్త కాలు ఈ సమయంలోనే వస్తుంది.

బయటికి వచ్చిన పీత నానిన పప్పుబద్దలాగా ఉంటుంది. నిలబడలేదు, పట్టుకోలేదు, ఎవరు కరిచినా ఎదిరించలేదు. కొత్త పెంకు గట్టిపడడానికి రోజులూ వారాలూ పడుతుంది. అంతవరకు అది చేసే భోజనం తన పాత పెంకే! చూసేవారికి రోతగా ఉండవచ్చును. దానికి మాత్రం ఆ సున్నమే బలం. ఆ పెంకును చెత్త అని తీసి పారవేసే ఇల్లాలు బాలింతరాలి నోటి ముందు కంచం లాగేసినట్లే.

నేలమీద తిరిగే జాతి పీతలు ఈ తతంగమంతా ఇసుకలో గుంట తవ్వుకొని, మూసుకొని, లోపల జరుపుకుంటాయి. చిన్నపీతకు మూడు నాలుగు వారాలు పడితే, పెద్దదానికి రెండు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. మనకు అంత ఓపిక ఏదీ? మాకు తెలిసిన ఒక ఇంట్లో పిల్లలు రోజూ సాయంత్రం చెంచాతో ఇసుక తవ్వి పీత ఉన్నదో లేదో చూసేవారు. "కదులుతున్నది తాతయ్యా" అని సంతోషించేవారు. నాలుగో సాయంత్రం కదలలేదు. మెత్తని చర్మం చిరిగింది, గుంట కూలింది, ప్రాణం పోయింది. ఆ పిల్లలను ఏమీ అనవలసిన పని లేదు. అమ్మిన దుకాణదారు ఈ మాట ఒక్కటి చెప్పి ఉంటే సరిపోయేది.

మరి నిజంగా చచ్చిందో లేదో తెలిసేదెట్లా? ముక్కుతో తెలుసుకోవాలి. చచ్చిన పీత కుళ్లిన చేపవాసన కొడుతుంది, ఆ వాసన రోజురోజుకు పెరుగుతుంది. అటువంటి వాసన లేనంతవరకు ఇసుక జోలికి పోరాదు. పైన పడి ఉన్నది వట్టి పెంకే అయితే చేతికి తేలికగా ఉంటుంది, కాళ్లు గుల్లగా ఉంటాయి. ఉప్పునీటి అక్వేరియంలో చేపలతోపాటు ఉండే సముద్రపు పీతల విషయంలో మరీ తమాషా. తెల్లవారి చూస్తే అడుగున ఒక పీత చచ్చి పడి ఉన్నట్లు ఉంటుంది. అసలు పీత రాయి వెనుక దాక్కొని ఉంటుంది. ఉన్నది ఒక్కటే, కనబడేవి రెండు! వీటి పెట్టెలో చేపల జబ్బుకని రాగి కలిసిన మందు పోయరాదు. చేప బ్రతుకుతుంది, పీత చస్తుంది.

నేలపీతను ఉంచే పెట్టెను గురించి రెండు మాటలు చెప్పాలి. అది నేలమీద తిరిగినా ఊపిరి పీల్చేది మొప్పలతోనే గనుక గాలిలో తేమ నూటికి 80 పాళ్ల దరిదాపున ఉండాలి. తేమ పోతే మెల్లమెల్లగా ఊపిరాడక చస్తుంది. తీగెల పంజరం అందుకే పనికిరాదు; మూత ఉన్న గాజుపెట్టె కావాలి. అడుగున ఇసుక, కొబ్బరిపీచు పొడి కలిపి, పిల్లలు ఇసుకగూళ్లు కట్టుకొనేంత తడిగా, కనీసం ఆరంగుళాల లోతు పోయాలి. పెద్దపీత ఉంటే దాని ఎత్తుకు మూడింతలు ఉండాలి. దుకాణాలలో అరంగుళం గులకరాళ్లు పరిచి ఇస్తారే, అందులో అది ఎక్కడ దాక్కుంటుంది? వేడి 25 నుంచి 28 డిగ్రీలు సరిపోతుంది. మన చెన్నపట్నపు వైశాఖమాసంలో కిటికీ దగ్గర ఎండలో పెట్టారా, గాజుపెట్టె పొయ్యి అవుతుంది. రెండు గిన్నెలలో నీళ్లుండాలి. ఒకదానిలో క్లోరిన్ పోగొట్టిన మంచినీళ్లు, రెండవదానిలో సముద్రచేపలకోసం అమ్మే ఉప్పు లీటరుకు 35 గ్రాముల వంతున కలిపిన నీళ్లు. వంటింటి ఉప్పు పనికిరాదు.

ఇక ఇల్లు మారడం సంగతి. గుమాస్తా ఉద్యోగంలో ఇన్నేళ్లు గడిపిన మాకు ఈ భాగమే అన్నిటికంటే రుచిగా ఉన్నది. పెద్ద అధికారి పదవి విరమించి క్వార్టర్సు ఖాళీ చేశాడనుకోండి. అందులోకి ఆయన కిందివాడు వస్తాడు. అతని ఇంట్లోకి హెడ్ గుమాస్తా, హెడ్ గుమాస్తా ఇంట్లోకి మరొకరు. ఒక్క ఇల్లు ఖాళీ అయితే నాలుగు సంసారాలు సుఖపడతాయి. పీతలలోనూ సరిగ్గా ఇదే జరుగుతుందని అమెరికాలో ఐవన్ చేస్ అనే సమాజశాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 1988లో ప్రకటించాడు. 2010లో రాండీ రోట్జన్ బృందంవారు కరేబియన్ తీరపు నేలపీతలలో మరొక వింత వెల్లడించారు. మంచి పెద్ద శంఖు ఒకటి పడి ఉంటే, దాని చుట్టూ పీతలు చేరి, పెద్దది ముందు, చిన్నది వెనుకగా వరుస కట్టి కాచుకొని ఉంటాయి. తగిన పెద్దపీత వచ్చి ఆ శంఖులో దూరగానే వరుసంతా ఒకదాని ఖాళీ శంఖులోకి ఒకటి చకచకా మారిపోతాయి. సిఫారసు లేదు, దరఖాస్తు లేదు.

మారేముందు పరీక్ష మాత్రం గట్టిగానే చేస్తుంది. శంఖును దొర్లిస్తుంది, మూతిలో డెక్క పెట్టి కొలుస్తుంది, లోపలి ఇసుక దులుపుతుంది. అన్నీ కుదిరాక క్షణంలో ఇందులోంచి అందులోకి! నచ్చకపోతే మళ్లీ పాతదానిలోకే వస్తుంది. బెల్‌ఫాస్టులో రాబర్ట్ ఎల్వుడ్, మిర్యం ఆపెల్ అనేవారు 2009లో శంఖు లోపల స్వల్పంగా విద్యుత్తు తగిలేటట్లు చేసి చూశారు. అంతగా ఇష్టంలేని జాతి శంఖులో ఉన్న పీతలు ఎక్కువగా బయటికి వచ్చేశాయి. ఇష్టమైన శంఖులోనివి చాలావరకు నొప్పి ఓర్చుకొని అందులోనే ఉండిపోయాయి. పరిశోధన కఠినమైనదే, కాని అది చెప్పిన సంగతి మనం మరచిపోరాదు. పీతను ఎప్పుడూ శంఖులోంచి లాగకూడదు. రెండు ముక్కలవుతుంది గాని వదలదు.

రంగులు పూసిన శంఖులకు పిల్లలు మోజు పడతారు. కొనవద్దు. రంగు పెచ్చులుగా లేస్తుంది, పీత దానిని నోట పెట్టుకుంటుంది.

మరొక సంగతి ఉన్నది, అది అంత సుఖంగా చెప్పగలిగేది కాదు. ఈ పీతలు ఇళ్లలో పిల్లలను పెట్టవు. గుడ్లలోంచి వచ్చిన కూనలు సముద్రంలోనే కొన్నాళ్లు తేలుతూ పెరగాలి. గాజుపెట్టెలలో ఆ పని సాధించినవారు ఎక్కడో బహు కొద్దిమంది. అంటే దుకాణంలో అమ్మే పీత దాదాపుగా ప్రతిదీ ఏదో ఒక ఒడ్డున ఏరి తెచ్చినదే. జపానువారు 1970లోనే తమ నేలపీతలను ప్రకృతి స్మారకాలుగా ప్రకటించి రక్షణ కల్పించారు. మన అండమాన్ దీవులలోని కొబ్బరి పీత కూడా ఈ కుటుంబానిదే. చిన్నతనంలో శంఖు మోసి, పెద్దయ్యాక దానిని వదిలి తన పొట్టనే గట్టిపరచుకుంటుంది. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. మమ్మల్ని అడిగితే, కొత్తగా పీతను కొనవద్దనే చెబుతాము. ఇంటికి వచ్చినదానిని మాత్రం బాగా చూడాలి. అది పదేళ్లు కాదు, ఇరవై ముప్పై ఏళ్లు బ్రతకగల జీవి.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ ఒడ్డుకు వెళ్లే కుటుంబాలవారికి ఒక మనవి. అక్కడ తడి ఇసుకలో చిన్న శంఖులలో పాకే పీతలు సముద్రపువి. సీసాలో ఇంటికి తెస్తే రెండు రోజులు కూడా ఉండవు. ఖాళీ శంఖులను సైతం గోనెసంచులలో ఏరి తెచ్చుకోవద్దు. శంఖు దొరకని పీతలు ఏం చేస్తున్నాయో 2024లో పోలండు పరిశోధకులు ప్రకటించారు. జనం తీసి పంచుకున్న ఛాయాచిత్రాలను వెతికితే, 386 నేలపీతలు మనుషులు పారవేసిన వస్తువులను మోస్తూ కనబడ్డాయి. అందులో ఎక్కువ ప్లాస్టిక్ సీసా మూతలు.

ఇంట్లో ఇప్పటికే పీత ఉన్నవారు ఒక్కొక్కదానికి రెండు మూడు శంఖులు అదనంగా ఉంచాలి. ఇప్పుడున్న శంఖు మూతికంటే కొత్తదాని మూతి కొద్దిగా పెద్దదిగా, అదే ఆకారంలో ఉండాలి. సబ్బు వాడకుండా నీళ్లలో మరిగించి, చల్లార్చి, నీళ్ల గిన్నె పక్కన మూతి పైకి వచ్చేటట్లు పెట్టండి. దీపం ఆర్పి పడుకోండి. మీరు చూస్తూ కూర్చుంటే అది రాదు. తెల్లవారేసరికి పాత శంఖు ఖాళీగా పడి ఉంటుంది.