ఎవరి సంప్రదాయం? ఎవరి చేతుల్లో?

న్యూజిలాండ్ పార్లమెంటులో 2024 నవంబరులో యువ మావోరీ సభ్యురాలు హనా రాఫితి మైపీ క్లార్క్ బిల్లు ప్రతిని చించి, హాకా అందుకున్న దృశ్యాన్ని తరగతిలో చూపించాను. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. చివరి వరుసలోంచి ఒక దళిత విద్యార్థిని లేచింది. ‘సార్, మన దగ్గర సంప్రదాయమంటే మండిపడతారు. అక్కడిదైతే కాపాడాలంటారు. ఇదేం న్యాయం?’ గంట మోగేలోగా సరైన సమాధానం చెప్పలేకపోయాను.

ప్రశ్న న్యాయమైనదే. మహద్‌లో 1927లో అంబేడ్కర్ నాయకత్వాన మనుస్మృతిని తగలబెట్టిన వారి వారసులం మనం. సంప్రదాయం అనే మాట మనకు చెరువు నీళ్లు ముట్టనివ్వని మాట. కానీ మావోరీల విషయంలో ఆ మాట పలికేది ఓడినవారు. 1840 నాటి వైటాంగి ఒప్పందం ఇంగ్లిషు ప్రతి సార్వభౌమాధికారం బ్రిటిష్ రాణిదన్నది. అత్యధిక తెగల పెద్దలు సంతకం చేసిన మావోరీ ప్రతి వారి స్వాధికారం వారిదేనన్నది. ఆ తర్వాత యుద్ధాలతో, చట్టాలతో భూమి పోయింది. 1867 చట్టంతో వచ్చిన స్థానిక పాఠశాలల్లో బోధన ఇంగ్లిషులో సాగాలన్నారు. తమ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్న పిల్లలు తరతరాలుగా ఉన్నారు. 1907లో వారి సంప్రదాయ వైద్య గురువులను అణచడానికే ఒక చట్టం చేశారు. దాని రద్దుకు 1962 దాకా ఆగాల్సి వచ్చింది.

భాషను తిరిగి లేపింది ప్రభుత్వ దయ కాదు. 1972లో మావోరీ యువకులు ముప్పై వేలకు పైగా సంతకాలతో పార్లమెంటు మెట్లెక్కారు. 1982లో ‘కోహంగా రేయో’, అంటే భాషా గూళ్లు, మొదలయ్యాయి. అవ్వలు, తాతలు పసిపిల్లలతో రోజంతా మావోరీలోనే మాట్లాడే చోట్లు అవి. అధికార భాష హోదా 1987లో, ఆ తర్వాతే వచ్చింది. (ఇంగ్లిషు పెత్తనంపై వాపోయే తెలుగువారు గోండి పిల్లవాడి బడిలో పెత్తనం ఏ భాషదో కూడా చూడాలి.)

ఆనాడు చించిన బిల్లు వైటాంగి ఒప్పందపు సూత్రాలను కొత్తగా నిర్వచించాలన్నది. దాని సమర్థకుల వాదన మనకు చిరపరిచితం: అందరూ సమానమే, కొందరికి ప్రత్యేక హక్కులెందుకు? రిజర్వేషన్లపై మన చెవులు అరిగేలా విన్నదే. చరిత్రను చెరిపి సమానత్వాన్ని ప్రకటిస్తే, లాక్కున్నది లాక్కున్నవారి దగ్గరే ఉండిపోతుంది. 2025 ఏప్రిల్‌లో ఆ బిల్లు 11కు 112 ఓట్లతో ఓడిపోయింది.

అయినా మావోరీ గతాన్ని స్వర్ణయుగమని చెప్పను. అందులో పెద్దలున్నారు, సామాన్యులున్నారు, యుద్ధంలో పట్టుబడిన బానిసలూ ఉన్నారు. అనేక తెగల మరాయెలో, అంటే సామూహిక సభాస్థలంలో, అతిథులను ఆహ్వానించే పిలుపు స్త్రీది. లాంఛనమైన ప్రసంగం పురుషుడిది. దాన్ని ప్రశ్నించింది బయటివారు మాత్రమే కాదు. మావోరీ మహిళా సంక్షేమ సమితికి అధ్యక్షురాలైన మీరా సాసీ, మరాయెలో మాట్లాడే హక్కు స్త్రీకీ ఉండాలని వాదించారు. భాష కోసం పోరాడిన సమాజమే తన ఆచారాన్నీ తర్కిస్తోంది. మనకు ఆ తర్కమే నిషిద్ధమైంది. మార్చే అధికారం బాధితుల చేతికి ఎన్నడూ రానివ్వలేదు.

వచ్చే వారం ఆ విద్యార్థినికి ఇదే చెప్పాలనుకుంటున్నాను. ఆమె మాత్రం హాకాను వదిలి మీరా సాసీ గురించే అడుగుతుందని నా అనుమానం.