సూపర్‌మేన్ తెలుగువాడైనప్పుడు

చలనచిత్రాలను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయడం కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు. అందులోనూ ఆకాశంలో ఎగిరే వీరుల చిత్రాలంటే చిన్నపిల్లల కాలక్షేపమనే అభిప్రాయం బలంగా ఉన్నది. అయితే ఒక సమాజం ఎటువంటి వీరుణ్ణి కోరుకుంటున్నదో తెలిస్తే, అది దేనికి భయపడుతున్నదో, దేనికి ఆశపడుతున్నదో కూడా తెలుస్తుంది. అందుచేత ఇటువంటి చిత్రాల అభిమానిగా, అమెరికా దేశపు సూపర్‌మేన్ తెలుగు తెరకు వచ్చినప్పుడు మనకు ఏమి దక్కినదో, ఏమి జారిపోయినదో విన్నవించదలచాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. పరాయి కథను తెచ్చుకోవడం తప్పు కాదు. 'గులె బకావళి' గాథను ఫోర్ట్ విలియం కళాశాల కొరకు నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనంలో వ్రాశాడు. దయాశంకర్ నసీమ్ దానినే మస్నవీగా మలచాడు. 1962లో అది 'గులేబకావళి కథ'గా తెలుగు తెరకెక్కినది. ఆ చిత్రానికి పాటలు వ్రాసిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారే. 1957లో 'అల్లావుద్దీన్ అద్భుత దీపం', 1970లో విఠలాచార్యగారి 'ఆలీబాబా 40 దొంగలు' వచ్చాయి. వాటిని పరాయి కథలని ఎవరూ త్రోసిపుచ్చలేదు. కనుక కథ ఎక్కడిదన్నది ప్రశ్న కాదు, ఆ కథకు ప్రాణమైన అంశం మనదాకా వచ్చినదా అన్నదే ప్రశ్న.

సూపర్‌మేన్ కథకు ప్రాణమేది? 1938లో ఈ పాత్ర తొలిసారి అచ్చులో కనిపించినది. దానిని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అమెరికాకు వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. నశించిపోతున్న గ్రహం నుండి ఒక పసివాణ్ణి తల్లిదండ్రులు నౌకలో ఎక్కించి పంపుతారు. వాడు భూమి మీద ఒక పల్లెలో పడతాడు. వ్యవసాయదారులైన దంపతులు వాణ్ణి సొంత బిడ్డగా పెంచుతారు. ఎక్కడినుంచో వచ్చినవాడు, తనను పెంచిన నేలకు ఋణపడి, ముఖపరిచయం లేనివారిని సైతం కాపాడతాడు. రిచర్డ్ డోనర్ దర్శకత్వంలో 1978లో వచ్చిన ఆంగ్ల చిత్రం ఈ భావాన్ని చక్కగా నిలిపినది. పెంపుడు తండ్రి గుండె ఆగి మరణించినప్పుడు, ఇన్ని శక్తులుండీ ఆ కుమారుడు ఏమీ చేయలేకపోతాడు. శక్తికి హద్దున్నదని తెలిపిన ఆ ఘట్టమే, నా దృష్టిలో, ఆ చిత్రంలోని విన్యాసాలన్నిటికంటె గొప్పది.

రెండేళ్ళ తరువాత, 1980లో, వి. మధుసూదనరావుగారి దర్శకత్వంలో నందమూరి తారక రామారావుగారు నటించిన 'సూపర్‌మేన్' వచ్చినది. ఇందులో వీరునికి శక్తి మరో గ్రహం నుండి రాదు, ఆంజనేయుని అనుగ్రహంగా లభిస్తుంది. దీనిని చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. వరాలు, శాపాలు వింటూ పెరిగిన ప్రేక్షకునికి పచ్చసూర్యుని కిరణాల సిద్ధాంతం కంటె వరప్రసాదం సులభంగా బోధపడుతుంది. అది తెలివైన మార్పే. లోపం మరొక చోట ఉన్నది. ఆ వీరుని కథ తన కన్నవారిని చంపిన దుర్మార్గులపై పగ తీర్చుకోవడం చుట్టూ అల్లబడినది. పగ తీర్చుకొనే కథానాయకులు మనకు అప్పటికే కొల్లలు. వారికి ఎగిరే శక్తి అక్కరలేదు. అపరిచితుల కొరకు పాటుపడవలసినవాడు తన ఇంటి బాకీ వసూలు చేసుకొనేవాడుగా మారినాడు. దుస్తులు వచ్చాయి, పేరు వచ్చినది, పరదేశి బిడ్డ మాత్రం రాలేదు.

2024 జనవరి 12న విడుదలైన ప్రశాంత్ వర్మగారి 'హను-మాన్' ఈ లోపాన్ని కొంతవరకు సరిదిద్దినది. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసుకొనే యువకునికి సముద్రగర్భంలో ఒక మణి దొరుకుతుంది. ఆ శక్తి అతన్ని ఊరి మీద పెత్తనం చేసే బలవంతునికి ఎదురు నిలుపుతుంది. ఇందులో ప్రతినాయకుని పాత్ర మరీ ఆలోచింపజేసేది. వీరులందరూ తల్లిదండ్రులను కోల్పోయినవారేనని విని, తానూ వీరుడు కావాలని బాల్యంలోనే కన్నవారిని చంపుకున్నవాడతడు. అభిమానం ముదిరితే ఏమవుతుందో అభిమానులమైన మనకే చూపిన అద్దమది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. అసలు కథలో బయటినుంచి వచ్చినవాడు వీరుడు. ఈ చిత్రంలో బయటినుంచి వచ్చిన మైఖేలే విరోధి. దర్శకునికి దురుద్దేశముందని నేననను. అయితే ఈ తారుమారును గమనించకుండా చప్పట్లు కొట్టడం మంచిది కాదు.

వినోదం కొరకు తీసిన చిత్రంలో ఇంత వెదకవలెనా అని మిత్రులు అడుగవచ్చు. వెదకవలసిన అవసరం ఇతరులకంటె మనకే ఎక్కువ. బేస్తవారిపేట, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల నుండి ఎన్నో కుటుంబాలు వానలు లేక, బ్రతుకుతెరువు వెదుక్కుంటూ దూరపు నగరాలకు పోతున్నాయి. అక్కడ వారు బయటివారే. మన కళాశాలలో రెండు భాషలవారు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంటున్నారు. బయటినుంచి వచ్చినవాణ్ణి ఆదరించి పెంచితే వాడే ఊరికి అండ అవుతాడన్న కథ మనకెంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. వీరుడు ఏ దేవుని పేర శక్తి పొందినా నాకు అభ్యంతరం లేదు. అతని సాయం ఎవరెవరి గడప దాకా వచ్చినదన్నదే నా కొలత.

వీరులంటే కండబలమే కానక్కరలేదు. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా ప్రచురించిన అమీర్ హంజా దాస్తానులో ఉమ్రో అయ్యార్ అనే నేర్పరి ఉన్నాడు. అతడు గెలిచేది యుక్తితో. ఎంత వేసినా నిండని జంబీల్ అనే సంచి అతని ఆయుధం. మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీ మజిలీ కథలు' 12 భాగాలలోనూ ఇటువంటి సాహసాలకు కొదువ లేదు. ఇక మన పొరుగున గుండ్లకమ్మ మీద కొండల నడుమ కంభం చెరువు కట్టను నిలిపినవారికి ఎగిరే శక్తి లేదు. వందల ఏళ్ళుగా ఆ నీరు ఎవరి పొలమని అడుగకుండా పారుతున్నది.

కావున కళాశాల కార్యవర్గం వారికి నా మనవి. గ్రంథాలయంలో హంజా దాస్తానును, కాశీ మజిలీలను ఒకే బీరువాలో ఉంచండి. ఏడాదికొకసారి 'గులేబకావళి కథ', 'సూపర్‌మేన్' వంటి చిత్రాలను ప్రదర్శించి, ఉర్దూ తెలుగు భాషలు రెండింటిలోనూ చర్చ జరిపించండి. విద్యార్థి మిత్రులకు నా మనవి ఇంకొకటి. చిత్రాన్ని తనివితీరా చూడండి, ఈలలు కూడా వేయండి. ఆ తరువాత కలము పట్టి, పశ్చిమ ప్రకాశంలోని ఒక పల్లెలో దిగిన పరదేశి బిడ్డ కథను మీరే వ్రాయండి. వచ్చే సంచికలో దానిని చదవాలని ఉన్నది.